పసివారికి టీకా, పెద్దలకు పూచీ

జబ్బుపడిన బిడ్డకు మందిచ్చుట వేరు. ఆడుకొనుచున్న బిడ్డను పిలిచి సూది వేయించుట వేరు. మొదటి సందర్భమున కష్టము కన్నులయెదుటనే యున్నది. మందువలన కొంత బాధ కలిగినను తల్లిదండ్రులు సహింతురు. రెండవ సందర్భమున కష్టము ఇంకను రాలేదు. వచ్చునో రాదో ఎవరును చెప్పలేరు. రాబోవు కీడు తప్పించుటకై నేడు ఆరోగ్యముగా నున్న బిడ్డచేత చేయి చాపించుచున్నాము. కావుననే టీకావలన బిడ్డకు హాని కలిగినదన్న మాట చెవినిబడినంతనే మన మనస్సు కలత చెందును. దీనిని అజ్ఞానమని కొట్టివేయరాదు. కీడెంచి మేలెంచుమని పెద్దలు చెప్పిన మాట ఇట్టి తావులకే తగియున్నది.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది 2009, 2010 సంవత్సరములలో జరిగిన చరిత్ర. ఆ రెండేండ్లలో ఇన్‌ఫ్లుయెంజా లోకమంతట వ్యాపించినప్పుడు, పిల్లలకు వేసిన రెండు టీకాలవలన, ఒకదానివలన ఆస్ట్రేలియాలోను, మరియొకదానివలన ఉత్తర ఐరోపాలోను, ఎవరును ఊహింపని హాని కలిగినది. ఆ హానిని ఎవరు కనిపెట్టిరి, ఎట్లు లెక్కించిరి, ప్రజలకేమి చెప్పిరి, హానిపొందిన పిల్లల భారమును ఎవరు వహించిరి అనునవి నేటికిని తెలిసికొనదగిన విషయములు. టీకాలను నిందించుట మా ఉద్దేశము కాదు. వానియందు దోషమే లేదని వాదించుటయు కాదు. పసివారి చేయి చాపించిన సమాజమునకు ఆ పసివారిపట్ల ఒక పూచీ కలదని మాత్రము చెప్పదలచితిమి.

మొదట సామాన్య విషయము. ఫ్లూ టీకా వేయించిన పిమ్మట సూది గ్రుచ్చిన చోట నొప్పి, ఎరుపు, వాపు కలుగుట కద్దు. ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుట, చిరాకు, ఆకలి మందగించుట కూడ కద్దు. శరీరము టీకాను గుర్తించి రోగనిరోధకశక్తిని పెంపొందించుకొనుచున్నప్పుడు ఇట్టివి కలుగును. సాధారణముగా వానియంతట అవియే తగ్గిపోవును. జ్వరము హెచ్చినప్పుడు, ఆరు నెలలు మొదలు అయిదేండ్లవరకు గల పిల్లలలో కొందరికి మూర్ఛ వచ్చును. కన్నులు తేలవైచి, కాలుసేతులు కొట్టుకొను ఆ స్థితిని చూచి పూర్వము బాలగ్రహమని భయపడుచుండిరి. నేడు ఫిట్సు అనుచున్నారు. ఏ కారణమున వచ్చిన జ్వరమువలననైనను ఇది రావచ్చును. చాలమంది పిల్లలు కొద్ది నిమిషములలోనే తేరుకొందురు. టీకావలన ఇట్టి మూర్ఛ అరుదుగా వచ్చుట వైద్యులు ఎరుగనిది కాదు. ఎంత అరుదు అనునదే ప్రశ్న.

ఇక 2009 వ సంవత్సరమునకు వత్తము. ఆ ఏప్రిలు నెలలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల గొంతుస్రావములను పరీక్షింపగా అంతకుముందు మనుష్యులలో కనబడని ఒక ఇన్‌ఫ్లుయెంజా వైరసు బయటపడినది. అప్పటికే మెక్సికోలో అది ప్రబలుచుండెను. దానికే స్వైన్‌ఫ్లూ అని పేరు వచ్చినది. మే నెలలో అమెరికానుండి హైదరాబాదు చేరిన ఒక ప్రయాణికునియందు అది కనబడగా, భారతదేశమున నిర్ధారణయైన మొదటి రోగి అతడే అయ్యెను. జూన్ 11 వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించినది. 1968 వ సంవత్సరపు ఫ్లూ తరువాత అట్టి ప్రకటన వచ్చుట అదియే మొదలు. ఆగస్టులో పూనా నగరమున ఒక పాఠశాల బాలిక మరణించినది. మన దేశమున ఈ రోగముచే సంభవించిన మొదటి మరణమది.

ఈ వైరసునకొక విశేషము కలదు. వృద్ధులలో పలువురకు బాల్యమున సోకిన పాత ఫ్లూలవలన కొంత రక్షణ యుండెను. పిల్లలకును యువకులకును అది లేదు. కావున టీకా మొదట ఎవరికి కావలెనన్న ప్రశ్నకు పిల్లలనియే పెక్కు దేశములు సమాధానము చెప్పినవి. ఫ్లూ టీకాను ఎక్కువగా కోడిగ్రుడ్లలో పెంచిన వైరసునుండి తయారుచేయుదురు. దానికి అయిదారు నెలలు పట్టును. శీతకాలమునకు ముందే టీకా సిద్ధము కావలెనన్న తొందరలో ప్రభుత్వములు కోట్ల కొలది డోసులు కొనుటకు ఒప్పందములు చేసికొన్నవి. హాని కలిగినచో నష్టపరిహారపు భారము కంపెనీలది కాదని కొన్ని ప్రభుత్వములు పూచీపడినవి.

తొందరలోని ప్రమాదము అమెరికాకు క్రొత్తది కాదు. 1976 ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఫోర్టు డిక్సు సైనికశిబిరమున ఒక క్రొత్త పందిజ్వరపు వైరసు కనబడగా, 1918 వ సంవత్సరపు ఉపద్రవము మరల వచ్చునేమోయని వెరచి, దేశప్రజలందరికి టీకా వేయించుటకు అధ్యక్షుడు జెరాల్డు ఫోర్డు పూనుకొనెను. అక్టోబరునుండి 4 కోట్లకు పైగా జనులు టీకా వేయించుకొనిరి. కాని మహమ్మారి రాలేదు. టీకా వేయించుకొన్నవారిలో ఇంచుమించు లక్షకు ఒకరికి గియాన్-బారే అను నరముల వ్యాధి వచ్చి కాలుసేతులు చచ్చుబడినవి. డిసెంబరులో ఆ కార్యక్రమమును ఆపివేసిరి. రోగము రాక, హాని మాత్రమే వచ్చినప్పుడు ప్రజల విశ్వాసము ఎట్లు సడలునో ఆ సంవత్సరము చూపినది.

ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రము 2008 నుండియే అయిదేండ్లలోపు పిల్లలకు ఫ్లూ టీకాను ఉచితముగా ఇచ్చుచుండెను. 2010 వ సంవత్సరపు టీకాలో క్రొత్త మహమ్మారి వైరసును కూడ చేర్చిరి. ఆ దేశమున శీతకాలము జూన్‌లో మొదలగును గనుక మార్చి, ఏప్రిలు నెలలలోనే టీకాలు వేసిరి. కొలది వారములలో పెర్తు నగరపు ఆసుపత్రులకు జ్వరముతోను, మూర్ఛతోను పసిపిల్లలు హెచ్చుగా రాజొచ్చిరి. చాలమందికి సూది వేసిన కొన్ని గంటలలోనే జ్వరము తారస్థాయి నందినది. ఏప్రిలు 22 వ తేదీన ఆ రాష్ట్రము పిల్లల టీకాలను నిలిపివేసినది. మరునాడు దేశమంతట అయిదేండ్లలోపు పిల్లలకు నిలిపివేసిరి.

తరువాతి విచారణలో తేలినదేమనగా, దోషము ఫ్లూ టీకాలన్నింటిదికాదు, సి.ఎస్.ఎల్. కంపెనీ తయారుచేసిన ఫ్లూవాక్సు అను ఒక్క టీకాది. దానిని పొందిన చిన్నపిల్లలలో జ్వరమూర్ఛ వెయ్యిమందికి 3 మొదలు 9 వరకు వచ్చినట్లు వేరువేరు గణనలు చూపినవి. ఎదురుచూడదగినది వెయ్యికి ఒకటికంటె తక్కువ. చాలమంది కోలుకొనిరి, అందరును కాదు. కారణమును కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు కొన్ని సంవత్సరములు పట్టినది. టీకాకై వైరసును ఒక రసాయనముతో ముక్కలు చేయుదురు. ఆ సంవత్సరము వాడిన క్రొత్త రకములకు ఆ రసాయనపు మోతాదు చాలలేదు. సరిగా విడిపోని వైరసు అంశములు మిగిలి, పసివారి శరీరమున తీవ్రమైన జ్వరమును రగిల్చినవి.

అయితే కారణముకంటె మనకు ముఖ్యమైనది ఆలస్యము. హానిని గూర్చిన సమాచారము వైద్యులు తమంతట తాము వ్రాసి పంపిననే కార్యాలయమునకు చేరును. ఒక ఆసుపత్రికి ఒక బిడ్డ, మరియొక ఆసుపత్రికి మరియొక బిడ్డ వచ్చినప్పుడు ఎవరికి వారు దీనిని సామాన్యజ్వరముగానే తలపవచ్చును. అన్నిటిని ఒకచోట చేర్చి చూచిననే లెక్క కనబడును. ఆచార్య బ్రయంట్ స్టోక్సు ఆ సంవత్సరమే జరిపిన విచారణ ఈ లోపములను ఎత్తిచూపినది. తరువాత ఇతర కంపెనీల టీకాలు పిల్లలకు నిరపాయమని చెప్పినను తల్లిదండ్రులు వెంటనే నమ్మలేదు. ఆ రాష్ట్రమున పసివారికి ఫ్లూ టీకా వేయించువారి సంఖ్య పడిపోయి, పెక్కేండ్లవరకు కోలుకొనలేదు.

ఆ అనుభవమునుండియే ఆస్ట్రేలియా ఒక మంచి పద్ధతిని నేర్చుకొన్నది. 2014 వ సంవత్సరమున ఆస్‌వాక్స్‌సేఫ్టీ అను పరిశీలనాక్రమము ఏర్పడినది. టీకా వేయించిన కొన్ని దినములకు తల్లిదండ్రుల టెలిఫోనుకు ఒక చిన్న సందేశము వచ్చును: బిడ్డకు ఏమైన బాధ కలిగినదా యని. వచ్చిన సమాధానములను చేర్చి ఎప్పటికప్పుడు లెక్కింతురు. తల్లి ఫిర్యాదు చేయువరకు వేచియుండక, కార్యాలయమే తల్లిని అడుగును. చెప్పుటకిది స్వల్పమైన మార్పే. కాని ఎవరి పని ఎవరిదో ఇది తారుమారు చేసినది.

ఇక ఐరోపాకు పోవుదము. అక్కడ పాండెమ్రిక్సు అను టీకాను గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ జర్మనీలోని డ్రెస్డెను నగరమున తయారుచేసినది. తక్కువ వైరసుతోనే ఎక్కువ ఫలము కలుగునట్లు దానిలో ఒక ప్రేరకద్రవ్యమును కలిపిరి. 2009 అక్టోబరునుండి స్వీడను, ఫిన్లండు దేశములు ఈ టీకాను ఉత్సాహముతో వేయించినవి. స్వీడనులో జనాభాలో ఇంచుమించు నూటికి 60 మంది వేయించుకొనిరి. ఫిన్లండులో 4 మొదలు 19 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 75 మంది వేయించుకొనిరి. అక్కడి జనులకు తమ ఆరోగ్యశాఖలపై గల నమ్మకము అట్టిది.

2010 వ సంవత్సరమున ఆ దేశముల పిల్లల వైద్యులకు ఒక వింత కనబడెను. నార్కొలెప్సీ అను అరుదైన నిద్రావ్యాధి పిల్లలలో హెచ్చుచున్నది. ఈ పేరును 1880 లో జెలినో అను ఫ్రెంచి వైద్యుడు పెట్టెను. ఈ వ్యాధి గల బిడ్డ పాఠము వినుచునే, అన్నము తినుచునే నిద్రలోనికి జారిపోవును. నవ్వు వచ్చినంతనే మోకాళ్లు సడలి కూలబడుటయు కలదు. రాత్రి నిద్ర తునుకలు తునుకలై, భయంకరమైన కలలు వచ్చును. మెలకువను నిలుపు హైపోక్రెటిన్ అను పదార్థమును స్రవించు మెదడు కణములు నశించుటయే దీనికి హేతువు. నశించిన కణములు తిరిగి రావు. మందులతో కొంత అదుపు చేయవచ్చునే గాని వ్యాధి జీవితాంతము విడువదు. బడిలో కునుకుచున్న బిడ్డను సోమరి యనుకొని మందలించిన పిమ్మట సంగతి తెలిసికొన్న తల్లిదండ్రుల మనస్తాపమును మనమూహింపవచ్చును.

ఆగస్టు 18 వ తేదీన స్వీడను ఔషధశాఖ ఈ సమాచారమును బహిరంగముగా ప్రకటించినది. 24 వ తేదీన ఫిన్లండు ప్రజారోగ్యసంస్థ ఆ టీకాను నిలిపివేయవలెనని చెప్పినది. అప్పటికి రుజువు పూర్తికాలేదు. అనుమానము కలిగినంతనే ప్రజలకు చెప్పిరి; పిమ్మట లెక్కకు కూర్చుండిరి.

ఆ లెక్కలో ఒక చిక్కు కలదు. పత్రికలలో వార్త వచ్చిన పిదప ప్రతి తల్లియు తన బిడ్డ నిద్రను పరికించును. వైద్యులును అదే వ్యాధిని వెదకుదురు. అందుచేత సంఖ్య దానంతట అదియే పెరుగును. కావున ఫిన్లండు పరిశోధకులు తమ ప్రధానగణనను వార్త రాకముందటి కాలమునకే, అనగా ఆగస్టు 15 వరకే, పరిమితము చేసిరి. అట్లు చేసినను, టీకా వేయించుకొన్న పిల్లలలో ఈ వ్యాధి వేయించుకొననివారిలోకంటె సుమారు 13 రెట్లు హెచ్చుగా నుండెను. టీకా వేయించుకొన్న 16,000 మంది పిల్లలలో ఒకరికి ఇది సంక్రమించినట్లు తేలినది. తరువాత స్వీడను, నార్వే, ఐర్లండు దేశములలోను అట్టి పెరుగుదలయే కనబడినది. ఇంగ్లండులో 2013 లో వెలువడిన పరిశోధన 52,000 మొదలు 57,500 వరకు డోసులకు ఒకటి చొప్పున ఈ వ్యాధి వచ్చినదని చెప్పినది. 2011 జూలైలోనే ఐరోపా ఔషధసంస్థ 20 ఏండ్లలోపువారికి ఈ టీకా వాడుకను పరిమితము చేసినది. 2015 లో దాని అనుమతియే ముగిసినది.

ముందుగా పరీక్షింపలేదా యని శ్రోతలు అడుగవచ్చును. పరీక్షించిరి. కాని పుట్టెడు వడ్లలో ఒక రాయి యున్నచో గుప్పెడు గింజలు చూచినంతమాత్రమున అది చేతికి తగులునా? పదునారువేలమందిలో ఒకరికి కలుగు హాని కొన్ని వేలమందిపై జరిపిన పరీక్షలో కనబడకపోవుట సహజము. అదియును సూది వేసిన కొన్ని వారములకో నెలలకో తలయెత్తు వ్యాధి. అట్టి హాని లక్షలమందికి టీకా వేసిన పిదపనే బయటపడును. కావున టీకా విడుదలయైన దినముతో పరీక్ష ముగియదు. ఒకవిధముగా అప్పుడే మొదలగును.

కారణమును గూర్చిన అన్వేషణయు తేలికగా సాగలేదు. జబ్బుపడిన పిల్లలందరిలో ఇంచుమించుగా ఒకే వంశపారంపర్య లక్షణము కనబడినది. కాని ఉత్తర ఐరోపా జనులలో సుమారు నలుగురిలో ఒకరికి ఆ లక్షణము కలదు. వారిలో అత్యధికులకు వ్యాధి రాలేదు. ప్రేరకద్రవ్యమే దోషి యనుకొన్నచో, అదే ద్రవ్యముతో కెనడాలో తయారైన మరియొక టీకావలన క్విబెక్కు రాష్ట్రమున పది లక్షల డోసులకు ఒకటి మాత్రమే అదనముగా కనబడినది. మరి చైనాలోని బీజింగు నగరమున, టీకా పొందనివారిలోనే, మహమ్మారి శీతకాలము గడచిన కొన్ని నెలలకు నార్కొలెప్సీ సుమారు మూడు రెట్లు పెరిగినది. అనగా ఆ వైరసునకే ఈ కణములతో ఏదో పోలిక యుండవచ్చునని పలువురు భావించిరి. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పోలికను కనుగొంటిమని 2013 లో ప్రకటించిరి. మరల చేసినప్పుడు తమ ఫలితము తమకే రాకపోగా, 2014 లో వారే ఆ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. ఇట్టి నిజాయితీ వలననే శాస్త్రమునకు విలువ.

త్రాసులో రెండవ తట్టను చూడక తీర్పు చెప్పుట న్యాయముకాదు. ఇంగ్లండులో 2009 జూన్‌నుండి 2010 మార్చివరకు ఈ ఫ్లూవలన 70 మంది పిల్లలు మరణించిరి. అమెరికాలో ప్రయోగశాలలో నిర్ధారణయైన బాలమరణములే 300 కు పైగా కలవు. ఈ పిల్లలలో ముందునుండియే వేరు జబ్బులు గలవారు పెక్కుమంది. పూర్ణారోగ్యముతో నున్నవారును కలరు. టీకా లేకున్నచో ఇంకెందరు పోయెడివారో ఆ పేర్లు ఎవరికిని తెలియవు. టీకావలన రక్షింపబడిన బిడ్డ తాను రక్షింపబడితినని ఎరుగదు. హాని పొందిన బిడ్డ మాత్రము ప్రతి ఉదయమును ఎరుగును. అందుచేతనే ఈ రెండు తట్టలను కేవలము అంకెలతో తూచి ఊరకుండుట చాలదు.

సమాజమంతటి మేలుకొరకు ఒక బిడ్డ నష్టపోయినచో, ఆ నష్టమును ఆ ఇంటికే వదలివేయుట ధర్మమా? ఫిన్లండు ప్రభుత్వమును, భీమా సంస్థలును ఆ పిల్లల వైద్యపు ఖర్చు జీవితాంతము భరింతుమని 2011 లో చెప్పినవి. స్వీడను 2016 లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, ఒక్కొక్కరికి కోటి క్రోనారులవరకు పరిహారము నిర్ణయించినది. బ్రిటనులో దారి ఇంత సులభము కాలేదు. అక్కడి పథకమున 60 శాతము వైకల్యమున్నగాని 1,20,000 పౌన్లు ఇయ్యరు. నేటి వైకల్యమునే చూడవలెను గాని రేపటిది లెక్కింపరాదని ప్రభుత్వము వాదించినది. బిడ్డ పెరిగి పెద్దయైనప్పుడు ఎదుర్కొనబోవు కష్టమును కూడ లెక్కింపవలెనని 2017 లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. నిద్రావ్యాధి గల బిడ్డ రేపు బండి నడుపగలడా, ఉద్యోగము చేయగలడా అన్న ప్రశ్నను న్యాయమూర్తుల ముందు నిలుపుటకు ఒక కుటుంబము ఏండ్లతరబడి పోరాడవలసి వచ్చినది.

ఈ చరిత్రను చదివినవారు ఇక టీకాయే వద్దనుకొన్నచో అది మా మాటకు అపార్థమగును. ఈ రెండు హానులను కనిపెట్టినవారు టీకాల శత్రువులు కారు. టీకాలు వేయు వైద్యులును, వేయించు ప్రభుత్వశాఖలునే. దోషముగల టీకాలను పిల్లలకు ఆపివేసినవారును వారే. టీకా కార్యక్రమమునకు ముప్పు హానివలనకంటె హానిని దాచుటవలన హెచ్చుగా కలుగును. ఏమియు కాదని చెప్పి పంపినప్పుడు ఏమైన నైనచో, ఆ తల్లి ఆ తరువాత నిజము చెప్పినను నమ్మదు.

గృహస్థులు చేయదగినదియు కొంత కలదు. బిడ్డకు టీకా వేయించునప్పుడు పూర్వపు జబ్బులను, మునుపు వచ్చిన మూర్ఛలను, మందులు పడని సంగతిని ముందే చెప్పవలెను. వేసినది ఏ టీకా, ఏ కంపెనీది, సీసాపై నున్న బ్యాచి సంఖ్య ఏది, తేదీ ఏది అనునవి కార్డుపై వ్రాయించుకొనవలెను. సూది వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండవలెను. జ్వరమునకు పారాసెటమాలును డాక్టరు చెప్పిన మోతాదులో ఇయ్యవచ్చును. మూర్ఛ వచ్చినచో బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో చెంచా గాని, నీరు గాని, చేతిలో ఇనుపముక్క గాని పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రోజులు గడచిన పిదప ఏదైన వింత లక్షణము కనబడినను, అది టీకావలననే వచ్చినదా యన్న సందేహముతో సిగ్గుపడి ఊరకుండక, టీకా వేసిన ఆరోగ్యకార్యకర్తకు గాని, డాక్టరుకు గాని తెలియజేయవలెను. చాలమట్టుకు అది వేరు కారణమున వచ్చినదే కావచ్చును. అయినను వ్రాసికొనుట వారి విధి, చెప్పుట మన విధి. పెర్తు నగరమున పసివారి బాధను ఒకచోట చేర్చి చూచినప్పుడే లెక్క కనబడినది. మన ఊరిలోనైనను అంతియే.